తెలియదని చెప్పిన గురువారం

గురువారం తెల్లారేసరికే నోబంటు ఇంట్లో పొయ్యి మీద ఇస్త్రీపెట్టె కాగుతోంది. వచ్చే ఆదివారం చర్చిలో ఆమె కోడలు లిండెల్వాతో ప్రమాణం చేయించి ఎర్ర జాకెట్టు తొడుగుతారు. తల్లుల సంఘంలో చేరడమంటే అదే. ఏడాదిపాటు ప్రతి గురువారం ప్రార్థనకు వచ్చి, పదిమందిలో మంచిదనిపించుకుంటేనే అది దక్కేది. చనిపోయినప్పుడు శవపెట్టెలో పడుకోబెట్టేదీ ఆ జాకెట్టుతోనే. సంఘానికి పెద్ద నోబంటే. చూపు సరిగ్గా ఆనకపోయినా, ఎవరు చెప్పినా వినకుండా, కోడలి జాకెట్టు తన చేత్తోనే కుట్టింది.

లిండెల్వా సంకటిలో పుల్లపాలు పోసి అత్తగారి ముందు పెట్టింది. పెట్టి అక్కడే నిలబడిపోయింది.

“అత్తమ్మా, ఆ జాకెట్టు నేను వేసుకోలేను.”

“చంకల దగ్గర పట్టేస్తోందా? విప్పి కుడతాలే.”

“జాకెట్టు బాగానే ఉంది. నా మనసే బాగాలేదు.”

తర్వాత మాటలు వాటంతటవే వచ్చేశాయి. రెండేళ్ల క్రితం పదకొండు నెలల కొడుకు లుఖోకు జ్వరం వచ్చినప్పుడు సంఘం ఆడవాళ్లంతా మూడు రోజులు మంచం చుట్టూ మోకరించారు. అందరికన్నా ముందు నోబంటు. అయినా పిల్లవాడు దక్కలేదు. అప్పటినుంచి మోకరించిన ప్రతిసారీ, అవతల వినేవాళ్లు ఉన్నారో లేరో తనకు తెలియడం లేదంది లిండెల్వా. తెలియకుండా నిండు చర్చిలో ప్రమాణం చేయలేనంది.

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న మొగుడు మ్జుకీసీ తేలిగ్గా తీసిపారేశాడు. వేసుకుని ఊరుకోమన్నాడు, మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారన్నాడు. వ్యాను నడిపేవాడికి అన్నీ ఏదో ఒక మలుపులో సర్దుకుపోయేవే.

నోబంటు మాత్రం పళ్లెం పక్కకు నెట్టేసింది. “మూడు రోజులు నా మోకాళ్లు పుళ్లు పడ్డాయి. అదంతా గాలికి పోయిందంటావా?”

“అలా అనలేదు. తెలియదంటున్నాను. చెప్పకుండా వేసుకుంటే అది దొంగతనమే. ఇవాళ అందరి ముందూ చెబుతాను.”

“చెప్పు. చెప్పాక నా పక్కకు మాత్రం రాకు.”

లిండెల్వా పదేళ్లకే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. ఈ ఇంటికొచ్చాకే అమ్మంటే ఏమిటో తెలిసింది. లుఖో పోయినప్పుడు తనకు స్నానం చేయించి, అన్నం కలిపి నోట్లో పెట్టిన చేతులు ఇవే. ఇప్పుడు ఒక్క మాటతో అవి దూరమైపోతాయని భయమేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మధ్యాహ్నం చర్చికి అత్త ముందు, కోడలు వంద గజాల వెనక నడిచారు.

ఆ ప్రార్థనలో ఎవరైనా లేచి మనసులో మాట చెప్పుకోవచ్చు. మాట దారి తప్పితే కూర్చోమని ఎవరూ అనరు, ఎవరో ఒకరు పాట అందుకుంటారు. తక్కినవాళ్లు గొంతు కలుపుతారు. ఇక నిలబడ్డ మనిషి కూర్చోక చస్తుందా? మర్యాదగా నోరు మూయించడం ఆ తల్లుల దగ్గరే నేర్చుకోవాలి.

లిండెల్వా లేచింది. కొడుకు పేరు చెప్పింది. “ప్రార్థన వినేవాడు ఉన్నాడో లేడో...” అనేలోపే ముందు వరసలోని నోసిసా పాట ఎత్తుకుంది. ముప్పైమంది చప్పట్లు కలిపారు. లిండెల్వా ఆశ చావక అత్తగారి వైపు చూసింది.

నోబంటు పాడటం లేదు. బెంచీ పట్టుకుని మెల్లగా లేచి చెయ్యెత్తింది. వరస వెంట వరస పాట ఆగిపోయింది.

“పిల్ల ఇంకా చెప్పడం అవ్వలేదు,” అంది.

లిండెల్వా ఏడుస్తూనే చెప్పింది. ఆమె కూర్చున్నాక నోబంటు గొంతు సవరించుకుంది.

“పొద్దున దీన్ని తిట్టాను. నా గుట్టు ఇది బయటపెడుతోందని తిట్టాను. లుఖోను పాతిపెట్టిన మర్నాడు గురువారం. ఇక్కడికొచ్చి మీకందరికీ ధైర్యం చెప్పాను గుర్తుందా? ఆ రోజు నా దగ్గర నమ్మకం ఆవగింజంత కూడా లేదు. తర్వాత వచ్చింది, మళ్లీ పోయింది. ఇప్పటికీ అంతే, వస్తుంది, పోతుంది. అంతా తెలిసిపోయుంటే ఇంట్లో పడుకునేదాన్ని కదమ్మా. తెలియకే వస్తున్నాను.” అందరినీ కలయజూసింది. “మీలో ఏ సందేహమూ లేనిదెవరో, ఆవిడే ప్రార్థన మొదలుపెట్టండి.”

వరసల్లో తలలు ఒక్కొక్కటే వంగాయి. నోసిసా ముఖం తుడుచుకుంది. వెనక వరసలో ఒక ముసలమ్మ వెక్కివెక్కి ఏడవసాగింది.

లిండెల్వా ఆ తలలన్నీ చూసింది. ఇన్నాళ్లూ వీళ్లు బండరాళ్లలాంటి గట్టివాళ్లని, తానొక్కతే మట్టిబెడ్డనని కుమిలిపోయింది. వీళ్లు మాత్రం లోపల ఇంత బరువు మోస్తూ, వారం వారం కొండలు దిగి వచ్చి, ఒకరి కోసం ఒకరు మోకరిస్తున్నారు. వాళ్ల మీద పుట్టిన గౌరవంతో ఆమె నేల మీద మోకరించింది.

“ప్రభువా, ఉన్నావో లేవో నాకు తెలియదు. మా లుఖోకు చలెక్కువ. నువ్వుంటే వాణ్ని కప్పి పడుకోబెట్టు.”

నోబంటు వచ్చి కోడలి పక్కనే మోకరించి, అందరికన్నా ముందు ఆమేన్ అంది.