సరిగ్గా అడిగితేనే ఇస్తా

“డైపర్ అంటే ఇవ్వను. న్యాపీ అను, ఇస్తా.”

బట్టల అల్మరాకి అడ్డంగా మిరపకాయ రెండు చేతులూ చాచి నిలబడింది. అసలు పేరుతో ఆ పిల్లను బడిలో తప్ప ఎవరూ పిలవరు. మంచం మీద నెలల తమ్ముడు కాళ్లు కొట్టుకుంటూ ఏడుస్తున్నాడు.

“మా ఆస్పత్రిలో అందరం డైపర్ అనే అంటామే,” అంది అత్త. ఆమె నర్సు. అమ్మకి సాయంగా ఉండటానికి సెలవు పెట్టి వచ్చింది.

“మా ఇంగ్లీషు పుస్తకంలో న్యాపీ అనే ఉంది. డైపర్ తప్పు. తమ్ముడు పడుకునేటప్పుడు వేసేదాన్ని నిన్న నువ్వు స్లీపర్ అన్నదీ తప్పే. అది స్లీప్‌సూట్. స్వెటర్ కాదు, జంపర్.”

“అమ్మో! ఎంత నోరే నీకు!”

గొడవ విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. “రెండూ ఒప్పేనే. ఇంగ్లండు వాళ్లు న్యాపీ అంటారు, అమెరికా వాళ్లు డైపర్ అంటారు. తడిపేవాడికి రెండూ ఒకటే. ముందు తియ్యి!”

మిరపకాయ తీసి ఇచ్చింది. కానీ మెత్తబడలేదు. చంటిపిల్లల బట్టల పాఠంలో క్లాసు మొత్తానికీ తనకే ఎక్కువ మార్కులు వచ్చాయి మరి.

మర్నాడు పొద్దున నానమ్మ తమ్ముడికి స్నానం చేయించింది. రోజూ ఆవిడే చేయిస్తుంది. నీళ్లు పోస్తూ ఏవో కబుర్లు చెబుతుంటే, వాడు కళ్లప్పగించి వింటాడు. బట్టలు అందించడం మిరపకాయ పని.

“బనీను ఇవ్వవే తల్లీ,” అంది నానమ్మ, వాణ్ని తువ్వాల్లో చుట్టి.

“దాని పేరు?”

“బనీనే కదే.”

“కాదు. మొన్న చెప్పానుగా!”

నానమ్మ ఆలోచించింది. “జంపరు?”

మిరపకాయ పకపకా నవ్వింది. “జంపర్ పైన వేసేది నానమ్మా! మళ్లీ చెప్పు.”

“స్లీపు... ఏదో సూటు?”

తువ్వాలు జారింది. తమ్ముడు వణికాడు. చిన్నగా తుమ్మాడు. నానమ్మ గబుక్కున వాణ్ని తన శాలువాలో చుట్టేసింది.

“వెస్ట్!” అంటూ అప్పుడు బనీను అందించింది మిరపకాయ.

నానమ్మ తల వంచుకుని గబగబా వాడికి బనీను తొడిగింది.

ఆ మర్నాడు తమ్ముడికి స్నానం అత్త చేయించింది.

“నానమ్మ ఏదీ?”

“ఇకనుంచి నన్నే చేయించమంది. పేర్లు గుర్తుండవట. ఈలోగా పిల్లాడికి చలేస్తుందని భయమట.”

“అయితే నేనేం చేశాను? తెలియనిది నేర్పాను, అంతేగా!”

“నిన్నెవరైనా ఏమైనా అన్నారా?”

ఎవరూ అనలేదు. అదే ఇంకా మంటగా ఉంది.

అత్త చేతుల్లో తమ్ముడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. గుమ్మం అవతల నానమ్మ నిలబడి ఉంది. ఒక అడుగు ముందుకు వేసింది. మిరపకాయ చూస్తోందని గమనించి, వెంటనే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇంట్లో అందరికంటే పెద్దది నానమ్మ. తనను చూసి తప్పుకుంటోంది!

మిరపకాయ ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. సాయంత్రం నాన్న వచ్చాక అందరూ భోజనాలకు కూర్చున్నారు.

“రేపట్నుంచి తమ్ముడికి స్నానం నానమ్మే చేయిస్తుంది,” అంది మెల్లగా.

నాన్న తలెత్తి చూశాడు.

“నాకెందుకే ఆ సూట్లూ బూట్లూ,” అంది నానమ్మ.

“నీకు పేర్లు అక్కర్లేదు. బనీను అను, గుడ్డ అను, ‘అదివ్వవే’ అను. ఏమన్నా ఇస్తా. నిన్న వాడు తుమ్మింది నీ వల్ల కాదు, నా వల్ల.” అత్త వైపు తిరిగింది. “అత్త డైపర్ అన్నా ఇస్తా.”

“మరి పరీక్షలో?” అంది అత్త కొంటెగా.

మిరపకాయ గడ్డం పైకెత్తింది. “పరీక్షలో న్యాపీ అనే రాస్తా. పరీక్ష వేరు, తమ్ముడు వేరు.”

నానమ్మ ఇంకా ఏదో అనబోయింది.

“పొద్దున నీళ్లు కాగగానే పిలుస్తా,” అంది మిరపకాయ. “రావాలి.”