రానీ... రానీ...

వెనక్కి నడిపే లారీ డ్రైవరుకి కళ్లుండవు. నేనే కళ్లు. వంతెన పని మొదలైన రోజు నుంచీ నా ఉద్యోగం అదే. లారీ వెనక పక్కగా నిలబడి "రానీ... రానీ..." అంటాను, చాలనుకున్నప్పుడు "ఆపు" అంటాను. ఇదీ ఒక పనేనా అని నవ్వేవాళ్లు నవ్వారు. నది మీద అంత ఎత్తున నా గొంతు నమ్మే కదా అందరూ బళ్లు వెనక్కి తోలింది!

రెండంతస్తుల వంతెన. పైన రోడ్డు, కింద రైలు. నదిలో అటొకటి ఇటొకటి రెండు స్తంభాలు. వాటి నుంచి దిగిన కేబుళ్లే మొత్తం బరువు మోస్తాయి. ఆ రోజు బరువు పరీక్ష. ఇరవై నాలుగు ఇసుక లారీల్ని వంతెన నడుమ ఒక పక్క అంచుకి పేర్చి, ఎంత వంగిందో కొలవాలి. ఎండెక్కితే ఉక్కు సాగి కొలత తప్పుతుందని తెల్లవారగానే మొదలెట్టారు. డిజైన్ గీసిన ఇంజనీరమ్మ కూడా వచ్చింది. "వంగితే కంగారు పడకండి. వంగాక లేవకపోతేనే భయం," అంది.

మంచు దట్టంగా ఉంది. కేబుళ్లు పైకి పోయి ఎక్కడ ఆగాయో తెలియడం లేదు. డీజిలు వాసన, తడి సిమెంటు వాసన, కింద నుంచి బురద కంపు. గాలికి కేబుళ్లు సన్నగా మూలుగుతున్నాయి. ఆ అంచున ఇంకా రెయిలింగు బిగించలేదు. చక్రాలు ఆగాల్సిన చోట ఒక సున్నపు గీత గీసి, దాని వెనక అడ్డంగా ఒక దుంగ వేశారు, అంతే.

ఇరవై మూడు లారీలు పెట్టించాను. ఆఖరిది మా మేనల్లుడిది.

"మామా, తొందరగా కానియ్. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి," అని కిటికీలోంచి అరిచాడు.

"ముందు బండి గీత లోపల పెట్టరా. ఎలుకల సంగతి తర్వాత చూద్దాం."

వాడంటే నాకు ప్రాణం. మా అక్కకి మిగిలింది వాడొక్కడే. అలా మిగిల్చింది నేనే.

రెండేళ్ల కిందట ఈ వంతెన ఇంకా కలవలేదు. రెండు ఒడ్డుల నుంచీ పెరుగుతూ వచ్చింది, నడుమ ఖాళీ. మా బావ లారీ తోలేవాడు. నలుగురిలో నన్ను ఆటపట్టించడం ఆయనకి సరదా. "మా బామ్మర్దికి ఒళ్లంతా నోరే," అన్నాడు ఆ రోజు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మా పనిలో ఒక మోటు సరదా ఉంది. ఎవడి మీదైనా కోపమొస్తే "ఆపు" కాస్త ఆలస్యంగా చెబుతాం. చక్రం దుంగకి ధన్‌మని తగిలి వాడి గుండె జారిపోతుంది, మేం కడుపుబ్బా నవ్వుకుంటాం. నేనూ అదే చేశాను. "రానీ, ఇంకా ఉంది బావా, రానీ," అన్నాను. దుంగ ఉందో లేదో చూడలేదు. క్రేను వాళ్లు పొద్దున్నే తీసేశారట. లారీ ఆ ఖాళీలోంచి నదిలోకి పోయింది.

"నేను ఆపమన్నాను. ఆయనే వినలేదు," అని అందరికీ చెప్పాను. తాగి ఉన్నాడేమో అని కూడా అన్నాను. అక్క నమ్మింది. చచ్చిన మొగుణ్ని నోరారా తిట్టింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. పాపిష్టివాణ్ని.

అందుకే ఈసారి దుంగని కాలితో తన్ని మరీ చూశాను. గట్టిగానే ఉంది.

"రానీ... రానీ..."

లారీ మెల్లగా వచ్చింది. గీత ఇంకా అడుగు దూరం ఉండగానే "ఆపు!" అన్నాను.

ఆగలేదు.

"ఆపరా!"

అప్పుడు వినబడింది... డ్రైవరు కిటికీ పక్క నుంచి... మంచులోంచి...

"రానీ... రానీ... ఇంకా ఉంది... రానీ..."

నా గొంతు. అచ్చం నాదే.

ఇటు నేను గొంతు చించుకుంటున్నాను. అటు నా గొంతే తీరిగ్గా, ముద్దుగా పిలుస్తోంది. వాడు అద్దంలోకైనా చూడటం లేదు. మామ మాట వింటున్నాడు. చక్రం దుంగెక్కింది. దుంగ విరిగింది.

నీళ్ల చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది.

"మీ తప్పేం లేదు. మీరు ఆపమని అరిచారు, మేమంతా విన్నాం," అంది ఇంజనీరమ్మ.

"ఇంకో గొంతు..."

"ఏ గొంతు?"

ఎవరూ వినలేదట. అడిగిన ప్రతివాడూ అదే మాట. ఆ రాత్రే అనుకున్నాను, ఇక అక్కకి నిజం చెప్పెయ్యాలని.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం వెళ్లాను. రెండో అంతస్తులో వాళ్ల వాటా. తలుపు తీసే ఉంది. అక్క బయట మెట్ల దగ్గర చీపురుతో ఊడుస్తోంది. నేను ఆమెని దాటి గుమ్మంలో నిలబడ్డాను. తను మెట్లకి వీపు పెట్టి నా వైపు తిరిగింది. ఏడ్చి ఏడ్చి కళ్లు గుంటలు పడ్డాయి.

"తిన్నావురా?"

"అక్కా, నీకొకటి చెప్పాలి. బావ సంగతి."

"నువ్వేం చేస్తావురా, ఆపమనే అన్నావుగా! తండ్రీ కొడుకులిద్దరూ ఒకటే రకం. చెప్పిన మాట వినలేదు."



"కాదక్కా. ఆ రోజు నేను అనలేదు. నేను..."

నా వెనక... గదిలోంచి...

"రానీ..."

అక్క చేతిలోంచి చీపురు జారింది. ఒక కాలు వెనక్కి వేసింది. మడమ మెట్టు అంచున ఉంది.

"అక్కా, ఆగు!"

తిరిగి చూశాను. గదిలో ఎవరూ లేరు. చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. రాలేదు. బక్కపలచటి మనిషి... ఇసుక నింపిన లారీ అంత బరువుగా ఉంది. నన్నే తన వైపు లాగుతోంది.

"అక్కా, ఆగవే... నీకు దణ్ణం పెడతాను..."

"రానీ... రానీ... ఇంకా ఉంది..."

అక్క నన్ను వింతగా చూసింది.

"నువ్వే కదరా వెనక్కి రమ్మంటున్నావు," అంది రెండో కాలు ఎత్తుతూ.