ముప్పై ఆరింట ఒకటి

"ప్రతి విసురూ కొత్తదే అల్లుడూ. పాచికలకి జ్ఞాపకం ఉండదు," అన్నాడు చీఫ్.

అల్లుడంటే మన ఏజెంట్ డేగ. అద్దం ముందు ప్రొఫెసర్ మీసం అంటించుకుంటున్నాడు. ఆ మీసం చూసి అద్దమే నిటారుగా నిలబడిందట!

"విదేశీ ముఠా బాస్ పెద్ద జూదరి. రెండు పాచికలు వేస్తాడు. రెండూ ఆరు పడితే శకునం. మరోసారి అలాగే పడితే రిమోట్ నొక్కుతాడు, రైలు వంతెన పేలిపోతుంది. ఒక్కో పాచికకి ఆరింట ఒకటి. దాని సంగతి దీనికి పట్టదు గనక హెచ్చవెయ్యాలి. ముప్పై ఆరింట ఒకటి. మొదటి విసురుకి ముందే రిమోట్‌లో ఈ చచ్చిన బ్యాటరీ పెట్టెయ్. అక్కడున్న మన ఏజెంట్ నెమలి మీద బాస్‌కి అనుమానం మొదలైంది. ఆవిడ చెయ్యి పెడితే కాల్చేస్తాడు. రైల్లో నాలుగొందల మంది. మీ అత్త కూడా."

"అర్థమైంది మావయ్యా," అన్నాడు డేగ, మీసం కుడికొస సర్దుకుంటూ.

సాయంత్రం క్లబ్బు. బాస్ సెక్రటరీగా నెమలి మెరిసిపోతోంది.

"గడియారం ఆగిపోయిందా?" అంది.

"లేదు, ఆలోచిస్తోంది."

కోడ్ కలిసింది. కళ్లూ కలిశాయి. బ్యాటరీ సంగతి మరిచాడు మహానుభావుడు.

బాస్ విసిరాడు. ఆరు, ఆరు!

"బ్యాటరీ!" అంది నెమలి పళ్లబిగువున.

"కంగారెందుకు? ముప్పై ఆరింట ఒకటి. ఆ ఒకటీ అయిపోయింది. ఇక ముప్పై అయిదు విసుర్లు మనవే. డాన్స్ చేద్దామా?"

"మీకు మీసం ఒక్కటే అంటింది ప్రొఫెసర్ గారూ, చదువు అంటలేదు."

డాన్స్‌కి లేచినట్టే లేచి, అతని జేబులోంచి బ్యాటరీ లాగేసింది. బాస్ మళ్లీ విసిరాడు. అందరి కళ్లూ దొర్లే పాచికల మీద. ఆమె చెయ్యి రిమోట్ మీద.

ఆరు. ఆరు.

బాస్ నొక్కాడు. టక్. అంతే.

కిటికీ అవతల వంతెన మీద రైలు సాగిపోయింది. రైలు కిటికీలన్నీ వరసగా తన మొహమే చూస్తూ పోయినట్టు డేగ సిగ్గుతో చచ్చిపోయాడు. అంతలో బాస్ పిస్తోలు నెమలి వైపు తిరిగింది. డేగ బల్ల ఎత్తి బాస్ మీద బోర్లించాడు. మీసం ఊడి కిందపడింది. తలుపులు పగలగొట్టుకుని పోలీసులు వచ్చారు.

స్టేషన్లో అత్తగారు రైలు దిగుతూనే అతని చేతులు పట్టుకుంది. "నా ప్రాణం నిలబెట్టావు నాయనా!"

"నేను కాదత్తయ్యా... ఆవిడ..." పక్కనే ఉన్న నెమలి వైపు చూడలేక డేగ తల వంచేశాడు.

"చూశారా, ఎంత వినయమో!" అంది అత్తగారు మొగుడితో.

నెమలి నోట సంగతంతా అప్పటికే విన్న చీఫ్ అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు.

"వినయం కాదే. లోపల ఆరో ఎక్కం అప్పజెప్పుకుంటున్నాడు."