లాజరు ఊపిరి

మా తోర్రె రేవులో, సముద్రంలోంచి పగడాలు తీసే పడవల వాళ్ళ చర్చి ఉంది. అందులో ఎడమవైపు చిన్న గదికి చెడ్డ పేరు. దక్షిణం నుంచి తడిగాలి వీచే రోజుల్లో, సాయంత్రం ప్రార్థన అయ్యాక అక్కడ ఎవరూ నిలబడరు. గోడ మీద పెద్ద నూనెరంగుల పటం — చచ్చి నాలుగు రోజులైన లాజరును క్రీస్తు సమాధిలోంచి లేపుతున్నాడు. చుట్టూ చీకటి, వెలుగంతా పాలిపోయిన ఆ ఛాతీ మీదే.

ఆ ఛాతీ కదులుతుందంటారు. గంట కొట్టే పాస్కాలె ఒకసారి చూసి, తాళాలు అక్కడే పడేసి పరుగెత్తాడు. వారం రోజులు రేవంతా అదే వేళాకోళం. నవ్వినవాళ్ళు మాత్రం ఆ గదిలో అడుగు పెట్టలేదు.

లాజరు బొమ్మ గీయడానికి చిత్రకారుడి ముందు కూర్చున్నది మా పక్కింటి కార్మోజినక్క కొడుకు అనియెల్లో. జ్వరం పడి లేచి ఎముకలు తేలి ఉన్నాడని వాణ్ణే ఏరుకున్నాడాయన. పటం పూర్తయిన వేసవిలోనే వాడు పగడాల పడవెక్కాడు. పడవ తిరిగి రాలేదు... శవమూ రాలేదు.

చావు జరిగిన ఇంట్లో మా వాళ్ళు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగే వండి పంపాలి. మా ఆవిడ కోడి చారు పంపింది. అక్క మూత కూడా తీయలేదు. "మా ఇంట్లో ఎవరూ పోలేదు," అని తిప్పి పంపేసింది. అది మూడేళ్ళ కిందటి మాట.

నేను పాత పటాలు బాగుచేసేవాణ్ణి. జనం రావడం మానేస్తున్నారు, సంగతేంటో చూడమని ఫాదర్ గారు కబురు పెట్టారు. తడిగాలి ఉన్న రోజు చూసుకుని, చీకటి పడుతుండగా దీపం పట్టుకుని వెళ్ళాను. భయం వేస్తుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు.

దీపం ఎత్తాను. ఛాతీ పైకి లేచింది... దిగింది... మళ్ళీ లేచింది.

ఊపిరి చప్పుడు కూడా వినిపించింది. పటంలోంచి కాదు — నా వెనకనుంచి.

తిరిగి చూస్తే వెనక బల్ల మీద కూర్చుని కార్మోజినక్క. పటంతో పాటే ఊపిరి తీస్తోంది, పటంతో పాటే వదులుతోంది.

"దీపం దించు మేస్త్రీ," అంది గుసగుసగా. "వాడి కళ్ళలో పడుతోంది."

పటం వెనక గోడలో నేలమాళిగలోకి తెరుచుకునే కంత ఉందని చెప్పాను. తేమకు పటం గుడ్డ వదులై, ఆ కంతలోంచి వచ్చే గాలికి ఉబ్బుతోందని, అంతే తప్ప మరేం లేదని చెప్పాను.

"గాలేలే," అంది. "నీ ముక్కులో ఆడేది మరేంటి?"

దీపం దించాను. ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే కంత సున్నంతో పూడ్చాను, గుడ్డ లాగి మేకులు కొట్టాను. ఒక్క మేకు వదులుగా వదిలేయాల్సింది. ఆ ఆలోచన అప్పుడు రాలేదు.

సాయంత్రం అక్క వచ్చి కూర్చుంది. తడిగాలి వీస్తూనే ఉంది... లాజరు కదల్లేదు. చాలాసేపు చూసింది. ఏడవలేదు. లేచి వెళ్తూ, తలుపు దగ్గర నిలబడ్డ నా పక్కన ఆగింది.

"మీ ఆవిణ్ణి కాస్త చారు పంపమను, మేస్త్రీ. ఇవాళ మా ఇంట్లో పొయ్యి వెలిగించను."