పొగకొట్టంలో మూడుకాళ్ల గిన్నె

"వద్దు! వద్దూ...!"

ఆ కేక ఎవరిదో ట్రెసీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. చలికాలం నుంచీ ఇద్దరు పట్టుకుంటే గాని కుర్చీలోంచి లేవలేని అత్తగారు ఒలేటా తనంతట తానే లేచింది! బల్ల అంచు పట్టుకుని వచ్చి, మనవరాలు జూనీ చేతిలోని పళ్లేన్ని ఒక్క దెబ్బకు విసిరికొట్టింది. ఉడికిన యాపిల్ ముక్కలు గోడమీద, నేలమీద, పిల్ల కొత్త గౌను మీద పడ్డాయి. చెంచా ఇంకా నోటిదాకా పోనేలేదు. జూనీ బిత్తరపోయి చూసి, తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

ఆరోజు ఆదివారం. ఇంటి వెనక మిట్టమీద ఉన్న సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అక్కడే గడ్డిమీద కూర్చుని అందరూ కలిసి తినే రోజు. ట్రెసీ తెల్లారకముందే లేచి చిక్కుడు గింజలు పొయ్యిమీద పెట్టింది. మొక్కజొన్న రొట్టె కాల్చింది. ఎండు యాపిల్ ముక్కలు మాత్రం మూడుకాళ్ల గిన్నెలో ఉడకబెట్టింది. అత్తగారిని సంతోషపెట్టాలని! తను కాపురానికి వచ్చినప్పటినుంచీ, పదేళ్లుగా, పెరట్లో మాంసానికి పొగపెట్టే పొగకొట్టంలో, దూలానికి మూతి గోడవైపు తిప్పి తగిలించి ఉన్న ఆ చిన్న ఇనప గిన్నెను, ఎవరూ చూడకుండా తెచ్చి తుప్పు వదలగొట్టి, పంది కొవ్వు పల్చగా రాసి, పొయ్యిలో బోర్లించి కాల్చి, మళ్లీ రాసి మళ్లీ కాల్చి, కాకిరెక్కలా నల్లగా నిగనిగలాడేలా చేసింది.

"ఎవరు తియ్యమన్నారే దాన్ని?" ఒలేటా వగరుస్తూ అడిగింది. "ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పా? ఎక్కడినుంచో వచ్చినదానివి, ఈ ఇంటి సామాను నీకెందుకు?"

"అమ్మా!" అన్నాడు వెండెల్, ట్రెసీ భర్త. "పిల్ల తిండి నేలపాలు చేసి పైగా ఆ మాటలేంటి?"

 ఒలేటా చూపు కొడుకు మీద లేదు, కోడలి మీదా లేదు. గుమ్మంలో పూలబుట్టతో నిలబడ్డ ముసలి భర్త ఆర్విల్ మీద ఉంది. ఆయన్ని చూడగానే ఆమె పెదవులు బిగుసుకున్నాయి. అలాగే కుర్చీలో కూలబడిపోయింది.

ఎక్కడినుంచో వచ్చినదానివి...! ఆ మాట ట్రెసీ గుండెలో మేకులా దిగింది. నిజమే. తను ఎక్కడినుంచో వచ్చినదే! ఈ కొండల్లో తల్లి పోతే ఆమె రొట్టె మూకుడు కూతురికి వస్తుంది. ఇల్లు కొడుకులు పంచుకున్నా, మూకుడు మాత్రం కూతురిదే. ట్రెసీకి తల్లి ముఖం తెలియదు. ఈ పిన్ని ఇంట్లో కొన్నాళ్లు, ఆ మామ్మ ఇంట్లో కొన్నాళ్లు, ఎవరి పొయ్యి దగ్గరా కుదురుగా కూర్చోకుండానే పెరిగింది. పెళ్లయ్యాక శనివారం శనివారం ఎవరి పెరట్లో పాత సామాను అమ్ముతున్నా వెళ్లేది. తుప్పుపట్టిన మూకుళ్లు, బాణళ్లు, రొట్టె అచ్చులు ఏరుకునేది. వేలి కణుపుతో తట్టి వినేది. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీటుంది. ఇంటికి తెచ్చి, మందు పూసిన దూది పుల్లతో లోపల రుద్ది చూసి, ఆ తర్వాతే కడిగేది. ఆర్విల్ పక్కనే కూర్చుని నవ్వేవాడు. "మా కోడలు గిన్నెలకి జ్వరం చూస్తోంది!" అనేవాడు. ఎవరి తల్లులవో, ఎవరి అమ్మమ్మలవో ఆ మూకుళ్లు... వంటింటి గోడ నిండా వేలాడేవి. ఒక్కటీ తన తల్లిది కాదు. అత్తగారు ఒక్కసారి "ఇదిగో పిల్లా, నీదే" అని ఆ మూడుకాళ్ల గిన్నె చేతిలో పెడితే చాలు, తనకూ ఒక అమ్మ దొరికినట్టే అనుకుంది. పదేళ్లు కాచుకుంది!

ఏడుస్తూ లోపలికి వెళ్లి సంచీలో పిల్ల బట్టలు కుక్కడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అన్నాడు వెండెల్.

"ఎక్కడికైనా! మీ అమ్మ ఉన్న ఇంట్లో ఇక నా పిల్ల ముద్ద తినదు. ఆవిడో, నేనో, తేల్చుకోండి."

వెండెల్ గోడకేసి చూశాడు. "అమ్మకి మతి చలించింది. పట్నంలో ముసలాళ్లను చూసే చోటుంది. రేపు మాట్లాడతాలే..." అన్నాడు. 

ట్రెసీ వరండాలోకొచ్చి మెట్టుమీద కూర్చుంది. ఆర్విల్ మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు. బుట్టలో పూలు వాడిపోతున్నాయి.

"మీ అత్త మాటలు పట్టించుకోకమ్మాయ్. ఆ గిన్నె సంగతొస్తే అది మనిషి కాదు. తప్పు నాదేలే."

"మీదేంటి మావయ్యా?"

ఆయన నవ్వాడు. పళ్లు లేని నోరు. "మా పెళ్లయిన కొత్తల్లో మీ అత్త పురిటికి పుట్టింటికెళ్లింది. ఆ చలికాలమంతా నేనొక్కడినే. ఉడతల్ని కొట్టే తుపాకీకి గుండ్లు కావాలి. ఆ గిన్నెలోనే సీసం కరిగించి పోసుకున్నా. చిన్నది కదా, మూడు కాళ్లు, నిప్పులమీద ఒదిగి కూర్చునేది. ఈ లోయలో అందరం అదే పని చేసేవాళ్లం! అదొచ్చేలోపు ఇసకపెట్టి తోమి, కొవ్వు రాసి, కొత్తదానిలా పెట్టా. అయినా ఎవరో చెప్పేశారు. వాళ్లమ్మ ఇచ్చిన గిన్నెను పాడుచేశానని కోపం! చూడు, ఇన్నేళ్లయినా పోలేదు. పిసినారిది!"

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ట్రెసీ మాత్రం సీసం అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

లేచి వంటింట్లోకి వెళ్లింది.  పరాయివాళ్ల గిన్నెలన్నిటినీ రుద్ది చూసే తను, ఈ ఒక్క గిన్నెను చూడలేదు. ఇంటి గిన్నెకు పరీక్షేమిటి, అది అత్తగారిని అవమానించినట్టు కాదూ అనుకుంది! సీసపు విషం తగిలితే ఎర్రబడే దూది పుల్ల తీసి గిన్నె అడుగున, కాళ్లు అతికిన గుంటల దగ్గర, గట్టిగా రుద్దింది.

దూది ఎర్రబడింది. దానిమ్మ గింజలా ఎర్రబడింది.

 జూనీ నోటిదాకా పోని ఆ చెంచా కళ్లముందు మెదిలింది...

ఒలేటా కిటికీ దగ్గర కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది. ట్రెసీ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. ఎర్రబడ్డ పుల్ల ఒళ్లో పెట్టింది. 

ఒలేటా దాన్ని చూసింది. తలుపువైపు చూసింది. "తలుపెయ్యి" అంది.

ట్రెసీ తలుపేసి వచ్చింది.

"ఇలాంటి పుల్లలు మా రోజుల్లో లేవు పిల్లా... ఉంటే నా లోరెన్ బతికేది."

మిట్టమీద అన్నిటికంటే చిన్న రాయి లోరెన్‌ది. వెండెల్ కంటే ముందు పుట్టిన ఆడపిల్ల. ఏదో జబ్బుచేసి పోయిందని తప్ప ట్రెసీకి ఇంకేమీ తెలియదు.

"అప్పుడప్పుడే నడక నేర్చింది. దానికి ఆ చిన్న గిన్నెలోనే యాపిల్ ఉడకబెట్టి మెదిపి పెట్టేదాన్ని. ఇంట్లో చక్కెర లేని రోజులు. అయినా ఆ గిన్నెలో ఉడికితే తియ్యగా ఉండేవే! నా చేతి మహిమ అనుకున్నా... చేతులు నాకి నాకి తినేది. తర్వాత పాలిపోయింది. కడుపు పట్టుకుని ఏడ్చేది. చిగుళ్లమీద నల్లగా గీత కనబడింది. మూర్ఛలు వచ్చాయి..." ఒలేటా ఆగింది. "మా అత్త ఊరంతా చెప్పింది, కుళ్లిన యాపిల్ పెట్టి పిల్లను చంపుకుందని. ఈయన కూడా... పాతిపెట్టి వచ్చిన రోజు, నీ చేతి కూడు తినే పోయింది అన్నాడు."

"మావయ్యా? మావయ్య అన్నాడా!"

"దుఃఖంలో అన్నాడులే. మళ్లీ ఎన్నడూ అనలేదు. వెండెల్ పుట్టాక సూదులు వేసే నర్సమ్మ వచ్చింది. గిన్నె అడుగున మెరిసే పలుకు చూసి అడిగింది, దీంట్లో సీసం కరిగించారా అని. పులుపు తగిలితే సీసం తిండిలోకి దిగుతుందనీ, ఆ తీపి కూడా ఆ విషానిదేననీ ఆవిడ అన్నీ విప్పి చెప్పింది. అప్పుడు తెలిసింది నాకు."

"మరి చెప్పలేదా అత్తయ్యా? ఆయనతో అనలేదా? ఇన్నేళ్లు ఆ నింద మీరే..."

"ఏమని చెప్పను? నీ బిడ్డను నువ్వే చంపుకున్నావని చెప్పనా? ఎంత మురిపెంగా తోమి పెట్టాడో! నేను అది మోస్తే బతుకుతా. ఆయన మొయ్యలేడే... ఆ తుపాకీ తనవైపే తిప్పుకుంటాడు."

ట్రెసీ ఏడుపు ఆపుకోలేక అత్తగారి మోకాళ్లలో ముఖం దాచుకుంది.

"పగలగొట్టేద్దామని సమ్మెట ఎత్తా. ఎందుకు పగలగొట్టావని ఆయన అడుగుతాడుగా! అమ్మితే ఇంకొక తల్లి వండుతుంది. పాతిపెడితే ఎవడో దున్నేటప్పుడు పైకొస్తుంది. కళ్లెదుట వేలాడుతుంటే ఎవరి పొయ్యికీ ఎక్కదనుకున్నా. పిసినారినని నువ్వు అనుకుంటే అనుకో అనుకున్నా. నీకు చెప్పొచ్చు, కానీ నీ మొహం అద్దం పిల్లా. ఏదీ దాగదు. ఆయన నిన్ను చూస్తే కనిపెట్టేస్తాడని భయం..."

"నన్ను క్షమించండి అత్తయ్యా... పరాయిదాన్ననే ఇవ్వలేదనుకున్నాను."

"పరాయిదానివైతే ఇచ్చి ఊరుకునేదాన్నే, వెర్రిదానా!" అంది ఒలేటా. కోడలి జుట్టు సవరించింది. తర్వాత పొయ్యి పక్క మేకుకు వేలాడుతున్న తన రొట్టె మూకుడు చూపించింది. ఆ మూకుడులో ఆమె తప్ప ఎవరూ రొట్టె కాల్చి ఎరగరు. "అది దించుకో. అదీ మా అమ్మదే. ఇప్పుడు నీది. సబ్బు తగలనియ్యకు."

ట్రెసీ బయటికొచ్చి సంచీలోని బట్టలు మళ్లీ బీరువాలో సర్దింది. "అత్తయ్య ఎక్కడికీ వెళ్లదు" అంది వెండెల్‌తో. ఎందుకో చెప్పలేదు. గోడమీది యాపిల్ తుడిచి, మిగిలింది కోళ్లకు కూడా వేయకుండా గొయ్యి తీసి పూడ్చింది. గిన్నెను పొగకొట్టంలో, మూతి గోడవైపు తిప్పి, ఉన్నచోటే తగిలించింది. సాయంత్రం ఆర్విల్‌తో కలిసి మిట్టెక్కి లోరెన్ రాయి మీద పూలు పెట్టింది. ఆయన వాడిన పువ్వొకటి తీసేసి, నిలబడలేక ఆమె భుజం పట్టుకున్నాడు.

ఆకులు రాలే కాలంలో ఒలేటా నిద్రలోనే వెళ్లిపోయింది. లోరెన్ పక్కనే పెట్టారు.

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ట్రెసీ పొయ్యి దగ్గర నిలబడి ఉంటే, ఆర్విల్ పెరటి తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో మూడుకాళ్ల గిన్నె! చొక్కా చేతితో దాన్ని తుడుస్తున్నాడు.

"ఇదిగో అమ్మాయ్. పోయినామె పోయింది. ఇంకెవరు అడ్డు? నువ్వు ఎంతో ఆశపడ్డావు. ఇక నీదే. దీంట్లో నాలుగు యాపిల్ ముక్కలు ఉడకబెట్టు. నేనూ, జూనీ తింటాం... ఒక్కసారి."

జూనీ గిన్నె కాళ్లు పట్టుకుని చూస్తోంది.

ట్రెసీకి కన్నీళ్లు ముంచుకొచ్చాయి. అవి కారితే దొరికిపోతుంది! ముఖం రాయి చేసుకుంది. గిన్నెను ఆయన చేతిలోంచి లాక్కుంది.

"ముట్టుకోవద్దని అత్తయ్య ఎన్నిసార్లు చెప్పారు మావయ్యా! ఇది నాకు ఇచ్చారుగా? అయితే నా ఇష్టం. దీంట్లో ఎవరికీ వండను!"

వెండెల్ నోరు తెరిచి చూశాడు. జూనీ తాత వెనక్కి తప్పుకుంది. ఆర్విల్ ఖాళీ చేతులు అలాగే చాచి నిలబడ్డాడు.

"అచ్చం ఒలేటాయే" అన్నాడు. "అదే గొంతు. పిసినారితనం కూడా ఇచ్చే పోయింది నీకు!"

ట్రెసీ పొగకొట్టంలోకి వెళ్లింది. గిన్నె తగిలించి, దూలానికి తల ఆనించి, ఏడవగలిగినంత ఏడ్చింది. ఆ తిట్టును మించిన ఆస్తి ఆ ఇంట్లో ఇంకేముంది! ముఖం కడుక్కుని వచ్చి, ఒలేటా ఇచ్చిన మూకుడులో యాపిల్ ముక్కలు వేసి, చక్కెర చల్లి, మెత్తగా ఉడికించి మామగారికి పెట్టింది.

ఆయన రెండు చెంచాలు తిన్నాడు. పెరటివైపు చూశాడు.

"బాగుంది. కానీ ఆ గిన్నెలో అయితే... చక్కెర వేయకపోయినా తియ్యగా ఉండేవమ్మా. మా లోరెన్ చేతులు నాకి నాకి తినేది."

ట్రెసీ చేతిలో గరిటె వణకలేదు.

"ఇంకొంచెం వెయ్యనా మావయ్యా?" అంది.