టీచరమ్మ సాక్ష్యం

ఆ రోజు వినియోగదారుల కోర్టులో వాయిదా. బస్సు కండక్టరు తన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ భార్యకు జాగ్రత్తలు చెబుతున్నాడు. ఆమె గొంతులో గడ్డ తీసిన సర్జన్ మాట పలికించే నరాన్ని కోసేశాడు. మాట పోయే ప్రమాదం ఉందని ముందుగా చెప్పనూ లేదు. పసిపిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మకు ఆనాటి నుంచి గాలిలాంటి బొంగురు శబ్దమే మిగిలింది. బడి మానేసింది.

భర్త ఊరుకోలేదు. ఫిర్యాదు వేసి, వకీలు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఇంటికి ఎవరొచ్చినా, ఎవరు ఫోను చేసినా ఆమె తరఫున తానే జవాబు చెప్పేవాడు. నాన్న గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుందని కూతురు నవ్వేది.

"అక్కడ నువ్వు నోరు విప్పకు. కాస్త పలికినా, గొంతు బాగానే ఉందిగా అంటాడు వాళ్ల వకీలు. అంతా నేను చూసుకుంటా."

"నేనే చెప్తానండీ," అంది టీచరమ్మ.

ఆయన తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. ఆమె వెళ్లి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది.

"డాక్టరు నా గొంతు తీశాడు. మాట మీరు తీసేసుకున్నారు."

కూతురు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. కండక్టరుకు చివ్వున కోపం వచ్చింది. ఇదంతా ఎవరి కోసమని అడగబోయి, ఆమె కళ్లనిండా నీళ్లు చూసి ఆ మాట మింగేశాడు.

కోర్టులో భార్యను ప్రశ్న అడగగానే కండక్టరు అలవాటు కొద్దీ లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. టీచరమ్మ నిలబడింది. ఆమె మాట అందక కోర్టు అధ్యక్షురాలు ముందుకు వంగింది. గదిలో కాగితాల చప్పుడు కూడా ఆగింది.

"ముందే చెప్పి ఉంటే, ఆపరేషనుకు వచ్చే ముందు మా బడి పిల్లలందర్నీ ఒక్కసారి పేరుపేరునా పిలిచి వచ్చేదాన్ని డాక్టరుగారూ."

ఎదుటి వరసలో కూర్చున్న సర్జన్ తన వకీలు చెయ్యి పట్టి ఆపుతున్నా లేచి, చెప్పకపోవడం తన తప్పేనని ఒప్పుకున్నాడు. తీర్పు మరో వాయిదాకు పడింది.

ఇంటికొచ్చాక టీచరమ్మ ఏదో అంది. కండక్టరుకు వినపడలేదు. లేచి ఫ్యాను ఆపాడు. వీధివైపు కిటికీ మూశాడు. కుర్చీ ఆమె దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు. నిదానంగానే చెప్పు."

ఆమె చాలాసేపు చెప్పింది. ఆ ఉక్కపోతలో చెమటలు కారుతున్నా ఆయన ఒక్కసారీ మధ్యలో మాట్లాడలేదు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.