ఉస్తాద్ బిగించిన రిలే

బాన్సువాడ నుంచి పిట్లం పోయే తొవ్వల మూతబడ్డ రైస్ మిల్లు ఒకటుంటది. రాత్రిపూట ఆడ బండి బంద్ చేస్తే మళ్ల స్టార్ట్ కాదంటరు... వెనకకెల్లి ఎవరో తలుపు కొడ్తరంట. దయ్యాలు గియ్యాలు నేను నమ్మ. గని గిది మా తమ్ముడు చందర్ అవ్వ మీద ఒట్టేసి చెప్పిండు.

మావోనిది శవాలు తెచ్చే బండి. ఇంజనుకు ఒక బ్యాటరీ, వెనక ఫ్రీజర్ పెట్టెకు ఇంకోటి. ఇంజను నడిస్తే రెండింటిని కలిపేది, ఆగితే విడగొట్టేది ఒక రిలే. దాన్ని ఎంచింది, బిగించింది తారాచంద్ — చందర్‌కు పని నేర్పిన ఉస్తాద్.

"సన్నది పెట్టొద్దురా. రెండొందల ఆంపులదే ఉండాలె. ఎవరి బిడ్డకో ఆఖరి చూపు గీ పెట్టెలనే ఉంటది," అన్నడు.

చందర్ మూత తీసి చూడలే. ఉస్తాద్ పనిని ఎవడన్న పరీక్ష చేస్తడా!

మొన్న గా తారాచందే పోయిండు, నిజామాబాద్ దవాఖానల. ఊరికి తెచ్చేది మా చందరే. ఉస్తాద్ బిడ్డ వైశాలి పుణె నుంచి తెల్లారితే గని రాదు. "నాయిన మొఖం చూడాలె అన్నా... జర పైలంగ తీస్కరా," అని ఫోన్ల ఏడ్చింది.

బండి మిల్లు దాటుతుంది...

వెనకకెల్లి — టక్.

టక్... టక్ టక్.

ఫ్రీజర్ లైటు ఆరిపోయింది. చందర్‌కు ఆపుదామంటే భయం. ఆపకపోతే పీనుగ పాడైతది, వైశాలికి ఏం చెప్తడు? బండి ఆపి, ఇంజను బంద్ చేయకుండనే దిగిండు.

చప్పుడు పెట్టె పక్కనున్న రిలే డబ్బాలకెల్లి వస్తుంది. మూత తీసిండు. రిలే కాలిపోతుంది, కొట్టుకుంటుంది... "ఓర్నీ! గిదేనా దయ్యం?" అని నవ్వొచ్చిందంట.

సెల్లు లైటు ఏసి చూసిండు. వేడికి స్టిక్కర్ ఊడింది. మీద రెండొందలు. దాని కింద అసలు అచ్చు... నలభై.

నవ్వు ఆగిపోయింది.

"ఉస్తాద్... నాకే మోసం చేస్తివా?" పెట్టె దిక్కు చూసి గుసగుసగ అన్నడు. "కన్నతండ్రి లెక్క నమ్మితి గదనే..."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది మావోని కథ. తిడుదామంటే పలికేటోడు లేకపాయె.

రిలే పీకేసి, రెండు లావు వైర్లు నేరుగ కలిపి బోల్టు బిగించిండు. ఫ్రీజర్ లైటు ఎలిగింది. పీకిన రిలే చేతులనే ఉంది — ఒక్క వైరు లేదు దానికి.

టక్... టక్.

ఈసారి పెట్టె లోపలికెల్లి.

పొద్దుగాల వైశాలి తండ్రి మొఖం చూసుకుంది. ఆమెకు చందర్ ఏం చెప్పలే. నాకొక్కనికే చెప్పిండు.

"ఉస్తాద్ మాఫీ అడుగుతుండేమోరా," అన్న నేను.

"అడగనీ అన్నా," అన్నడు చందర్. "నేనైతే ఇయ్యలే."